సొట్ట ఎక్కడ పడింది, ఎప్పుడు పడింది

మా బాబాయి కొడుకు డాలస్‌లో ఉంటాడు. వారమంతా సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు పాత మిలిటరీ రైఫిళ్లు. అక్కడ అది చట్టం ఒప్పుకునే హాబీ. పోయినేడాది వాడు కొన్న రైఫిల్ మన దేశపుదే. బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డున ఉన్న ఈశాపూర్ ఫ్యాక్టరీలో చేసిన .303 లీ-ఎన్‌ఫీల్డ్. తూటాను లోపలికి తోసి వెనక మూసే బోల్టు పిడి కింద లోహం మీద కిరీటం గుర్తు, దాని కింద ‘జీఆర్ఐ’ అనే అక్షరాలు, 1943 అని సంవత్సరం. ఇంగ్లండ్ రాజు ఇండియాకు చక్రవర్తిగా కూడా ఉన్న రోజుల ముద్ర అది. గుంటూరు కుర్రాడు టెక్సాస్‌లో డాలర్లు పోసి ఈశాపూర్ తుపాకీ కొనడమేంటని మా బాబాయి ఇప్పటికీ గొణుగుతూనే ఉంటాడు.

ఆ త్రీనాట్‌త్రీకి తూటాలు మావాడే నింపుకుంటాడు. కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా డైలో, అంటే ఇనుప అచ్చులో, నొక్కి మళ్లీ సైజుకు తెచ్చి, కొత్త ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత), కొత్త తుపాకీ మందు, కొత్త గుండు పెడతారు. హ్యాండ్‌లోడింగ్ అంటే ఇదే. ఒక రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వరసగా ఫొటోలు పంపాడు. ఇత్తడి గొట్టాలు, వాటి మీద సొట్టలు. “అన్నయ్యా, ఇవి పారేయాలా, పనికొస్తాయా?”

నన్నెందుకు అడిగాడంటే, నాకు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ప్రెస్ టూల్స్ షెడ్డుంది. ఇత్తడి రేకును డైలో నొక్కి మూతలు, బుష్‌లు, కప్పులు తీయడమే నా పని. తుపాకులతో నా పరిచయం గుంటూరు కాలేజీలో ఎన్‌సీసీ దగ్గరే ఆగిపోయింది. దాదాపు నాలుగు కిలోల త్రీనాట్‌త్రీని భుజాన వేసుకుని ఎండలో డ్రిల్ చేశాం. రేంజిలో కాల్చింది మాత్రం .22. అయిపోయాక గడ్డిలో వెతికి ఖాళీ గొట్టాలన్నీ లెక్కపెట్టి అప్పగించేవరకు ఎవరినీ కదలనిచ్చేవాళ్లు కాదు. అయినా తూటా గొట్టమంటే చివరికి డైలో లాగిన ఇత్తడి కప్పేగా. ఆ ధైర్యంతోనే ఫొటోలు చూశాను.

ఇక్కడ చదువుతున్నవాళ్లకు ముందే ఒక మాట. ఇది మన దేశంలో ఇంట్లో చేసే పని కాదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. పైగా .303 మన దగ్గర నిషేధిత బోరు. కాబట్టి ఇందులో ఎంత మందు, ఏ మందు అనే లెక్కలు ఉండవు. ఉన్నదంతా ఇత్తడి గురించి, దాని మీద పడ్డ గుర్తుల్ని చదవడం గురించి.

ఇక ఆ గొట్టం ఎలా ఉంటుందో చెప్పాలి. దాన్ని కేసు అంటారు. (కోర్టు కేసు కాదు, పెట్టె అనే అర్థంలో.) మన ఇత్తడి బిందెను సన్నగా, పొడుగ్గా సాగదీసినట్టు ఊహించుకోండి. బిందెకున్నట్టే దీనికీ మూతి ఉంది, మెడ ఉంది, మెడ కింద వాలుగా దిగే భుజం ఉంది, పొడుగాటి ఒళ్లుంది, అడుగు ఉంది. .303కి అడుగున గ్లాసు అంచులా బయటికి పొడుచుకొచ్చిన చక్రం కూడా ఉంటుంది. మొత్తం పొడవు 56 మిల్లీమీటర్ల చిల్లర. మూతి దగ్గర రేకు మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు, అడుగు మాత్రం గట్టి దిమ్మ. పైన కాగితంలా, కింద రాయిలా ఉండే ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే ముందు చెప్పబోయేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

మర్నాడు ఫొటోలు మా పక్క షెడ్డు టింకరింగ్ మేస్త్రికి చూపించాను. లారీ క్యాబిన్లు, కారు డోర్లు సొట్టలు తీయడంలో ఆయనది ముప్ఫై ఏళ్ల చెయ్యి. ఫోన్ కళ్ల దగ్గరికి తీసుకుని, దూరంగా పెట్టి, మళ్లీ దగ్గరికి తీసుకుని, “బాబూ, ఇది లోపలికి పోయిందా, బయటికొచ్చిందా? ఫొటోలో తెలీట్లేదు. ట్యూబ్‌లైటు కింద పెట్టి తియ్యమను” అన్నారు.

ఆ మాటలో పెద్ద విషయముంది. టింకరింగ్ వాళ్లు రేకును చూడరు, రేకులో కనిపించే ట్యూబ్‌లైటు గీతను చూస్తారు. గీత తిన్నగా ఉంటే రేకు బాగున్నట్టు. గీత ఒకచోట లావై సాగితే సొట్ట, సన్నబడితే ఉబ్బు. మావాడు గరాజ్‌లో ట్యూబ్‌లైటు కింద ఒక్కో కేసును వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పుతూ వీడియో తీసి పంపాడు. వెలుగు గీత భుజం దగ్గరికి రాగానే చిన్న చంద్రవంకలా వంగింది. సొట్టే. అంచుల్లేకుండా, నున్నగా, మైనం మీద చిటికెన వేలు ఆనించినట్టు ఉంది. నలభై కేసుల్లో ఇరవై ఏడింటికి అలాగే ఉన్నాయి, అన్నింటికీ దాదాపు భుజం మీదే.

ఇది చూడగానే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేశాను. కొన్నేళ్ల కిందట ఇత్తడి మూతల ఆర్డరొకటి వచ్చింది. హడావిడిలో డైకి గాలి రంధ్రం వేయడం మర్చిపోయాను. కుర్రాడేమో రేకుకు నూనె ధారాళంగా పూసి కొడుతున్నాడు. మొదటి పదీ బాగానే వచ్చాయి. ఆ తర్వాతి నుంచి ప్రతి మూతకీ మూల దగ్గర గుంట. ప్రెస్ వంకరగా ఉందేమో, పంచ్ అరిగిందేమో అని రెండు గంటలు తల పట్టుకున్నాక తెలిసింది, డై అడుగున నూనె మడుగు కట్టి ఉందని. నూనె నొక్కితే నొక్కుకునే పదార్థం కాదు. దానికి పోవడానికి దారి లేకపోతే ఇనుముకంటే మొండిగా నిలబడుతుంది. ఇనుప డై లొంగదు, నూనె లొంగదు, మధ్యలో దొరికిన మెత్తటి ఇత్తడే లొంగిపోతుంది.

తూటా కేసు సైజింగ్‌లో జరిగేదీ అదే. కేసు డైలో ఇరుక్కుపోకుండా ఒంటికి లూబ్ అనే జిడ్డు పూస్తారు. పూయకపోతే కేసు లోపలే బిగుసుకుపోయి దాన్ని బయటికి లాగడం ఇంకో తలనొప్పి. అందుకని కొత్తవాళ్లు భయంతో ఎక్కువ పూస్తారు. కేసు డైలోకి వెళ్లేకొద్దీ ఆ జిడ్డంతా ఒంటి మీద నుంచి పైకి తోసుకుపోయి భుజం దగ్గర పోగుపడుతుంది. బాగా చేసిన డైకి అక్కడ సన్నటి రంధ్రముంటుంది, గాలీ జిడ్డూ పోవడానికి. అది పాత లూబుతో, మసితో మూసుకుపోతే మా డైకి పట్టిన గతే దీనికీ పడుతుంది.

మావాడిని రెండు పనులు చేయమన్నాను. డై విప్పి స్పిరిట్‌తో కడిగి, రంధ్రంలో సన్నటి తీగ పోనిచ్చి శుభ్రం చేయాలి. లూబ్ పూసేటప్పుడు వేళ్లకు అంటిన పాటిదే ఒంటికి రాయాలి, భుజానికీ మెడ బయటి వైపుకీ అంటనివ్వకూడదు. తర్వాతి ఇరవైలో ఒక్కదానికీ సొట్ట రాలేదు.

మరి అప్పటికే సొట్ట పడ్డ ఇరవై ఏడు? ఉంచుకోమన్నాను. కాల్చినప్పుడు .303 కేసు లోపల పీడనం చదరపు అంగుళానికి 49,000 పౌండ్ల దాకా పోవచ్చు. అమెరికన్ తయారీదారుల ప్రమాణంలో ఈ తూటాకు గరిష్ఠ పరిమితి అది. మన లారీ టైరులో ఉండేది వంద, వంద చిల్లర. అంత ఒత్తిడికి పల్చటి ఇత్తడి, రైఫిల్‌లో తూటా కూర్చునే గది అయిన ఛాంబర్ గోడకు అతుక్కుపోయి నున్నటి చిన్న సొట్టలన్నీ వాటంతటవే సాఫైపోతాయి. అయితే నున్నగా, లోతు లేకుండా ఉంటేనే ఈ మాట. కాగితం మడత పెట్టినట్టు పదునైన గీత ఉంటే, ఆ గీత వెంటే ఇత్తడి విరిగే అవకాశముంది. దాన్ని చెత్తలో వేయాల్సిందే. వేలి గోరుతో సొట్ట మీద అడ్డంగా గీరి చూడాలి. గోరు జారిపోతే సరే, తట్టుకుని ఆగితే పారేయాలి. పుస్తకాల్లో ఉన్న కొలత కాదిది, మేస్త్రి గారి లెక్క. నాకు నచ్చింది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. నెల తిరక్కుండా ఇంకో ఫొటో వచ్చింది. ఈసారి భుజం లోపలికి పోలేదు, మెడ కింద చుట్టూ ఉంగరంలా ఉబ్బి, ఒళ్లు కాస్త కుంగింది. బిందె మీద బరువైన మనిషి కూర్చుంటే ఎలా అవుతుందో అలా. గుండు పెట్టి పూర్తి చేసిన తూటాలవి, ఒక్కటీ ఛాంబర్‌లోకి దిగట్లేదట. “మళ్లీ లూబేనా అన్నయ్యా?” అన్నాడు. లూబుకీ దీనికీ సంబంధమే లేదు. సొట్ట చూడగానే లూబ్ అనుకోవడం ఒకటి నేర్చుకున్నాక వచ్చే జబ్బు.

నేనడిగిన ప్రశ్న, “ఎన్నింటికి అయింది?” ఇరవైలో మూడింటికి. అదే అసలు ఆధారం. డై సెట్టింగ్ పూర్తిగా తప్పైతే ఇరవైకి ఇరవై చెడాలి. మూడే చెడ్డాయంటే ఆ మూడింటిలో ఏదో తేడా ఉండాలి. వెర్నియర్ పెట్టి మూతి నుంచి అడుగు దాకా కొలవమన్నాను. చెడ్డవి కుంగిపోయాయి కాబట్టి వాటి కొలత పనికిరాదు. అందుకని అదే లాట్‌లో ఇంకా నింపని కేసులు కొలిపించాను. కొన్ని 56 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి, కొన్ని గరిష్ఠ హద్దయిన 56.44 కూడా దాటిపోయాయి. కాల్చినప్పుడల్లా, సైజు చేసినప్పుడల్లా ఇత్తడి ముందుకు సాగుతుంది. ఎప్పటికప్పుడు మూతి కత్తిరించి ఒకే పొడవుకు తేవాలి. మావాడు బద్ధకించాడు.

గుండు కూర్చోబెట్టే డై లోపల చిన్న మెట్టుంటుంది. చివర్లో మూతిని గుండు చుట్టూ కొద్దిగా లోపలికి వంచి బిగించడం దాని పని. పొట్టి కేసుకు సరిపోయేలా సెట్ చేసిన డైలోకి పొడుగు కేసు వస్తే, మూతి ఆ మెట్టుకు ముందే తగులుతుంది. మావాడి చేయి ఇంకా హ్యాండిల్ నొక్కుతూనే ఉంది. ఆ బలం ఎటు పోవాలి? మెడ తిన్నగా నిలబడగలదు, వాలుగా ఉన్న భుజం నిలబడలేదు. అదే కుంగింది. మూతి లోపలి అంచు నున్నగా గీకకపోయినా, గుండు అక్కడ తట్టుకుని ఇదే జరుగుతుంది. పరిష్కారం విసుగ్గా ఉంటుంది కానీ వేరే దారి లేదు: అన్నీ ఒకే పొడవుకు కోయాలి, మూతి లోపలా బయటా గీకాలి, డైని ఖాళీ కేసుతో మళ్లీ సెట్ చేయాలి. కుంగిన తూటాలను బోల్టుతో బలంగా తోసి ఛాంబర్‌లోకి దించే ప్రయత్నం మాత్రం చేయకూడదు. విప్పి, గుండూ మందూ తీసి, కేసు పారేయాలి.

ఈ రెండు సంగతుల తర్వాత మావాడికి ఒక అలవాటు చేయించాను. ఐదు కేసులకు మార్కర్ పెన్నుతో నంబర్లు వేసి, ప్రతి పనికీ ముందూ వెనకా ట్యూబ్‌లైటు కింద తిప్పి చూడటం. కడిగాక ఒకసారి, సైజు చేశాక ఒకసారి, గుండు పెట్టాక, మ్యాగజైన్‌లోంచి ఛాంబర్‌లోకి వెళ్లొచ్చాక, కాల్చాక. సొట్ట ఏ మెట్టులో పుట్టిందో తెలిస్తే సగం జబ్బు తెలిసినట్టే. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగేది కూడా “ఎప్పటి నుంచి?” అనేగా.

ఆ అలవాటే మూడో రకాన్ని పట్టించింది. గుండు పెట్టినప్పుడు నున్నగా ఉన్న కేసు, కాల్చి తీశాక భుజం నుంచి ఒంటి మీదకు నిలువుగా సొట్టపోయి వచ్చింది. పైగా మెడ, భుజం నల్లగా మసి. లోపల అంత పీడనం పుడితే గోడ బయటికి పోవాలి గానీ లోపలికి ఎలా వచ్చింది? నాకు రెండు రోజులు అర్థం కాలేదు. జవాబు ఆ మసిలోనే ఉంది.

కేసు చేసే పనుల్లో ముఖ్యమైనది ఛాంబర్‌కు బిరడాలా పనిచేయడం. పీడనం పుట్టగానే పల్చటి మెడ ఉబ్బి గోడకు అతుక్కుని, వెనక్కి వచ్చే దారి మూసేస్తుంది. మందు మరీ తక్కువగా ఉంటే ఆ పీడనం సరిపోదు, లేదా నిదానంగా పెరుగుతుంది. మెడ గోడకు అతుక్కోదు. వేడి వాయువు మెడ చుట్టూ తిరిగి కేసుకూ ఛాంబర్‌కూ మధ్యనున్న సందులోకి దూరుతుంది. మసి అక్కడి నుంచి వచ్చిందే. ఆ వాయువే బయటి నుంచి పల్చటి గోడను లోపలికి నొక్కుతుంది. విషయం అడిగితే మావాడు నసిగాడు. వాళ్లబ్బాయి భుజానికి దెబ్బ తగలకుండా మందు తగ్గించి నింపాడట, పుస్తకంలో ఇచ్చిన కనిష్ఠ హద్దు కంటే కూడా తక్కువగా.

తక్కువ మందు అంటే క్షేమం అని అందరూ అనుకుంటారు. వంటలో ఉప్పు తగ్గిస్తే చప్పగా ఉంటుందంతే కదా అన్నట్టు. ఇక్కడ ఆ లెక్క పనిచేయదు. మరీ తగ్గిస్తే గుండు తుపాకీ బ్యారెల్ మధ్యలోనే ఆగిపోవచ్చు, అది తెలీక వెనకే ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. మెత్తటి లోడు కావాలనుకునేవాళ్లకు మాన్యువల్స్‌లో దానికి తగిన వేరే మందులతో విడిగా లెక్కలిచ్చి ఉంటారు. వాటికే కట్టుబడాలి తప్ప సొంతంగా కోత పెట్టకూడదు.

ఇలాంటి సొట్టకే ఇంకో కారణం కూడా ఉంది, పాత మిలిటరీ రైఫిళ్లకే ప్రత్యేకం. దశాబ్దాలు గోదాముల్లో ఉండే రైఫిళ్లకు తుప్పు పట్టకుండా చిక్కటి గ్రీజు దట్టించేవాళ్లు. కాస్మోలిన్ అని దానికి పేరు. కొన్నవాడు బయటంతా తుడిచి, ఛాంబర్ లోపల వదిలేస్తాడు. కేసు ఉబ్బేటప్పుడు భుజం దగ్గర ఆ గ్రీజు ఇరుక్కుని గుంట పెడుతుంది. సైజింగ్ డైలో జరిగిందే ఛాంబర్‌లో మళ్లీ జరుగుతుందన్నమాట. పైగా జిడ్డుంటే కేసు ఛాంబర్ గోడను పట్టుకోదు, వెనక బోల్టు మీద పడే తోపు పెరుగుతుంది. అదే కారణంతో లూబ్ పూసి సైజు చేసిన కేసులను నింపేముందు తుడిచేయాలి.

రైఫిల్ నుంచి బయటికొచ్చేటప్పుడు పడే సొట్టల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. కాల్చాక తానే కేసును విసిరేసే రైఫిళ్లు దీనికి పేరుమోసినవి. అమెరికన్ ఎం1 గరాండ్ కేసుల ఒంటి మీద ఒకే ఎత్తులో ఒకే రకం సొట్ట కనిపిస్తుంది, బయటికి ఎగిరే దారిలో యంత్రభాగానికి కొట్టుకోవడం వల్ల. జర్మన్ జీ3 ఇంకా మొరటుది. దాని ఛాంబర్‌లో నిలువు గాడులుంటాయి కాబట్టి కేసు మీద చారలూ వస్తాయి, పైన గట్టి సొట్టా పడుతుంది. మన సైన్యం వాడిన ఎస్‌ఎల్‌ఆర్ కుటుంబం రైఫిళ్లలో యంత్రాన్ని నడిపే గ్యాస్‌కు సర్దుబాటుంటుంది, ఎక్కువ తిప్పి పెడితే కేసు గట్టిగా ఎగిరి సొట్ట పడుతుంది, తగ్గిస్తే నెమ్మదిస్తుంది. గుర్తుపట్టడం తేలిక: ప్రతి కేసుకూ ఒకే చోట, ఒకే దిక్కులో ఉంటే తప్పు చేతిది కాదు, యంత్రానిది. లీ-ఎన్‌ఫీల్డ్‌లో బోల్టు చేత్తో లాగాలి కాబట్టి ఈ బాధ తక్కువ. కోపంగా లాగితే మాత్రం దానికీ పడతాయి.

మూతి చప్పిడిపోవడం అన్నిటికంటే మామూలు సంగతి. కాంక్రీటు మీద పడ్డా, బూటు కింద పడ్డా అవుతుంది. మొనదేలిన గుండ్రటి రాడ్డుతో మూతి కాస్త తెరిచి సైజింగ్ డైలో పెడితే గుండ్రంగా వచ్చేస్తుంది. తెరవకుండా నేరుగా డైలో తోస్తే లోపలి పుల్ల వంగి డబ్బు దండగ.

ఇక అసలు ఇత్తడి దగ్గరికి రావాలి. సొట్ట తీయడం ఒక ఎత్తు, తీశాక ఆ లోహం ఎలా ఉందన్నది ఇంకో ఎత్తు. తూటా ఇత్తడి అంటే నూటికి డెబ్బై పాళ్లు రాగి, ముప్ఫై పాళ్లు జింకు. పగలకుండా లోతుగా సాగాలంటే ఇవే అనువైన పాళ్లు. కానీ ఇత్తడిని వంచిన కొద్దీ గట్టిపడుతుంది. తీగను అటూ ఇటూ వంచి తెంపుతామే, అది తెగేది మెత్తబడి కాదు, గట్టిపడి. గుండ్రటి బిళ్ల నుంచి పొడుగు కేసు తీసేటప్పుడు మధ్యమధ్యలో కొలిమిలో కాల్చి మెత్తబరుస్తూ లాగడానికి కారణం ఇదే. చివర్లో మెడనూ భుజాన్నీ మరోసారి కాలుస్తారు. మిలిటరీ తూటాల మెడ దగ్గర నీలి గోధుమ రంగు చార కనిపిస్తే మరక అనుకోకండి. ఆ కొలిమి వేడి గుర్తే అది. బజారు సరుకుకైతే మెరుగు పెట్టి చెరిపేస్తారు, మిలిటరీ వాళ్లు అలాగే వదిలేస్తారు.

అలా వేడి చేయడం ఎందుకంత ముఖ్యమో నేర్పింది మన వానాకాలమే. బ్రిటిష్ రోజుల్లో ఇండియాలో నిల్వ చేసిన తూటాల కేసులు, ఎవరూ ముట్టుకోకుండానే, మెడ దగ్గర పగిలిపోయేవి. అది వర్షాకాలంలోనే ఎక్కువ. అందుకే దానికి సీజన్ క్రాకింగ్ అని పేరొచ్చింది. వానల్లో తూటాలను గుర్రపుసాలల్లో దాచేవాళ్లు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గాలిలోని తేమ, డైలో లాగినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి పగుళ్లు తెచ్చేవి. మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు 1921లో దీన్ని విడమరిచి చెప్పారు. వేడి చేసి బిగువు తీసేస్తే అమోనియాకు పట్టు దొరకదు. ఇత్తడి గురించి ప్రపంచానికి తెలిసిన పెద్ద పాఠాల్లో ఒకటి మన గుర్రపుసాలల్లో పుట్టిందంటే నాకు ఎప్పుడూ ఒకింత గర్వంగానే ఉంటుంది. కారణం గుర్రపు మూత్రమే అయినా సరే.

ఇప్పటి హ్యాండ్‌లోడర్‌కు దీంతో పనేంటంటే, చాలాసార్లు కాల్చి సైజు చేసిన కేసు మెడ గట్టిపడి ఉంటుంది. అది గోడకు సరిగ్గా అతుక్కోదు, మామూలు లోడుకు కూడా మసి వస్తుంది, ఒకరోజు మూతి నిలువుగా చీలుతుంది. సొట్టపడి సాఫైన చోటా అంతే, రెండుసార్లు వంగిన తీగ అది. అందుకని నాలుగైదు కాల్పులకొకసారి మెడనూ భుజాన్నీ మాత్రమే మంట మీద తిప్పుతూ కాసేపు వేడి చేస్తారు. వేడి అడుగుకు పాకకూడదు. మెడ మెత్తబడితే మంచిది, అడుగు మెత్తబడితే పీడనాన్ని ఆపేది ఇక ఏమీ ఉండదు, అంతా కాల్చేవాడి ముఖం మీదికే వస్తుంది. చీకట్లో ఎర్రగా మెరిసేదాకా కాల్చడం కూడా ఎక్కువే.

శుభ్రం చేయడానికి అమోనియా ఉండే ఇత్తడి పాలిష్‌లు వాడొద్దన్నాను. పై కథ విన్నాక ఎందుకో చెప్పక్కర్లేదు. “అయితే మా అమ్మ బిందెలు తోమినట్టు చింతపండుతో తోమనా?” అని వెక్కిరించాడు. వెక్కిరింతే గానీ మాట తప్పు కాదు. హ్యాండ్‌లోడర్లలో చాలామంది నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో కేసులు నానబెడతారు. చింతపులుసు చేసే పనీ అదే కదా, పులుపుతో చిలుము వదిలించడం. ఎక్కువసేపు ఉంచితే మాత్రం ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది. పైనున్న జింకు పోయి రాగి మిగులుతోందని దానర్థం.

చివరగా, నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఇన్ని సొట్టల గురించి ఇంత కంగారు పడ్డ మనిషి, సొట్ట లేని కేసులను ఒక్కసారి కూడా పరీక్షగా చూడలేదు. ట్యూబ్‌లైటు వీడియోలో ఒక నున్నటి, అందమైన కేసు తిరుగుతోంది. అడుగు అంచుకు సెంటీమీటరు పైన, చుట్టూ సన్నటి మెరుపు గీత. మేస్త్రి వేలు పెట్టి ఆపించారు. “ఇదేంటి బాబూ?”

త్రీనాట్‌త్రీ ఛాంబర్‌లో ఎంత లోపలికి పోవాలో నిర్ణయించేది అడుగునున్న ఆ చక్రం. దాని మందం 0.064 అంగుళాలు దాటదు. వాడుకలో ఉన్న మిలిటరీ రైఫిల్‌కు మాత్రం 0.074 దాకా చోటుండొచ్చని ఒప్పుకునేవాళ్లు. బురదలో, దుమ్ములో కూడా తూటా ఇరుక్కోకూడదన్నదే వాళ్ల పట్టింపు, కేసు మళ్లీ పనికిరావాలన్నది వాళ్ల గొడవ కాదు. కాల్చినప్పుడు కేసు ముందు భాగం గోడకు అతుక్కుంటుంది, అడుగు మాత్రం ఆ సందు మేర వెనక్కి బోల్టు దాకా పోతుంది. సాగేది ఆ రెంటి మధ్య, పల్చటి గోడ గట్టి దిమ్మను కలిసే చోట. సైజింగ్ డై భుజాన్ని మళ్లీ వెనక్కి తోస్తుంది, మరుసటి కాల్పు మళ్లీ సాగదీస్తుంది. గోడ లోపలి నుంచి సన్నబడుతూ పోతుంది. బయట కనిపించేది ఆ మెరుపు గీత ఒక్కటే. తర్వాతి కాల్పుకు కేసు అక్కడే రెండు ముక్కలు కావచ్చు, వేడి వాయువు వెనక్కి తన్నొచ్చు.

దీన్ని చూసే పద్ధతి చవకైనది. పేపర్ క్లిప్పు తిన్నగా చేసి, కొన ఎల్ ఆకారంలో కొద్దిగా వంచి, కేసు లోపల అడుగు నుంచి గోడ వెంట పైకి లాగాలి. కొన గాడిలో పడి ఆగితే ఆ కేసు కథ ముగిసింది. మావాడు అప్పటికప్పుడు వీడియో కాల్‌లోనే నలభై కేసులకూ చేశాడు. క్లిప్పు ఇత్తడి మీద గీసుకుంటూ వచ్చే కీచు చప్పుడు, అక్కడక్కడా టక్కుమని ఆగడం, మా షెడ్డులో కూడా స్పష్టంగా వినిపించింది. పదకొండింటిలో ఆగింది. ఆ పదకొండూ ఎక్కడా సొట్ట లేని పదమూడింటిలోవే. వాటిని ఎక్కువసార్లు వాడాడట, బాగున్నాయని.

ఒకదాన్ని హాక్‌సా బ్లేడుతో నిలువుగా కోసి ఫొటో పంపాడు. గోడ కింద నుంచి దిట్టంగా వచ్చి, ఆ గీత దగ్గర కత్తితో చెక్కినట్టు సన్నబడి, మళ్లీ మామూలైంది. ఇకపై ఈ రైఫిల్‌లో కాల్చిన కేసులకు మెడ మాత్రమే సైజు చేయమన్నాను, భుజం ఆ ఛాంబర్‌కు సరిపోయినట్టే ఉండిపోతుంది కాబట్టి సాగడం తగ్గుతుంది. వేరే రైఫిల్‌లో వాటిని వాడకూడదు.

ఇరవై ఏడు సొట్ట కేసులూ, మిగిలిన రెండూ డబ్బాలోకి వెళ్లాయి. ఆ పదకొండింటిని పాత ఇత్తడి వాడికి వేసేముందు, ఎవరూ ఏరుకుని మళ్లీ నింపకుండా, మావాడు ప్లయర్‌తో ఒక్కోదాని మూతి పట్టుకుని గట్టిగా నొక్కి చప్పిడి చేశాడు.